సిగరెట్, బీడీ పూర్తిగా నిషేధించాలా? మీ ఇంట్లో, మీ ఊళ్లో చూసింది రాయండి

తెనాలి అబ్బాయి:
పోయిన ఏడాది మా నాన్నకు స్వరపేటిక తీసేశారు. ముప్పై ఎనిమిదేళ్లు సిగరెట్ తాగారు. మొదట గొంతు బొంగురుపోయింది. ఎండ అనుకున్నాం, దుమ్ము అనుకున్నాం, మిరియాల కషాయం పెట్టాం. అలా ఆరు నెలలు పోయాయి. బయాప్సీ రిపోర్టు చేతికొచ్చాక తీసేయక తప్పదన్నారు.

ఇప్పుడు ఆయనకు మెడ కింద, చొక్కా పై గుండీ పడే చోట చిన్న రంధ్రం ఉంటుంది. ఊపిరి అందులోంచే, ముక్కుతో పని లేదు. స్నానం చేయించేటప్పుడు నీళ్లు లోపలికి పోకుండా నేను అరచెయ్యి అడ్డం పెడతాను. ఆయన ఊపిరి వెచ్చగా చేతికి తగులుతూ ఉంటుంది. దగ్గొస్తే కఫం కూడా అక్కడి నుంచే వస్తుంది, గాజుగుడ్డతో తుడుచుకుంటారు. ఏదైనా చెప్పాలంటే పలక మీద రాస్తారు. మా బుడ్డోడి పలకే.

డిశ్చార్జి రోజు ఆస్పత్రి బయట ఆటో కోసం నిలబడితే, మెడకు కట్టుతో ఉన్న మా నాన్న పక్కనే ఇద్దరు కుర్రాళ్లు సిగరెట్ వెలిగించారు. వాళ్ల మీద కోపం రాలేదు. అమ్మనిచ్చేవాళ్ల మీద వచ్చింది. గుట్కా ఆపారు, ఈ-సిగరెట్‌ని 2019లో దేశమంతా ఆపారు. మన దేశంలో పొగాకు వల్ల ఏటా 13 లక్షల మందికి పైగా చనిపోతున్నారు. మరి దీన్నెందుకు ఆపరు? నా మటుకు నేను నిషేధం వైపే ఉన్నాను. మీరేం చూశారో చెప్పండి.

ఈసీఐఎల్ చౌరస్తా:
నేనూ నిషేధం వైపే అన్నా. బహిరంగ స్థలాల్లో తాగకూడదని 2008 అక్టోబర్ 2 నుంచి గట్టి రూల్స్ ఉన్నాయి. 200 రూపాయల దాకా జరిమానా. నేను ఉద్యోగంలో చేరి పదేళ్లయింది, మా ఆఫీసు సందులో ఒక్కరికి కూడా ఫైన్ వేయగా చూడలేదు. మా పిల్ల స్కూల్ గేటు నుంచి నలభై అడుగులు వేస్తే పాన్ డబ్బా. వంద గజాల లోపల అమ్మకూడదని చట్టంలోనే ఉంది కదా.

టంగుటూరు ఆడపడుచు:
అన్నా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఎందుకంటే మా ఇల్లు నిలబడింది పొగాకు మీద. నా బీటెక్ ఫీజు, మా అక్క పెళ్లి, అన్నీ పొగాకు బేళ్లు (మూటలు) అమ్మిన డబ్బులే. మా ఇంట్లో మాత్రం ఒక్కరికీ సిగరెట్ అలవాటు లేదు.

ప్రకాశం జిల్లా బయటి వాళ్లకు ఈ పంట ఎలా ఉంటుందో తెలియదు, అందుకని కాస్త వివరంగా రాస్తాను. సంక్రాంతి దాటాక ఆకు రెలుపు మొదలవుతుంది. మొక్క అడుగు నుంచి పండిన ఆకులు వరసగా తెంపుకుంటూ పోవాలి. పొద్దున్నే మంచుకు తడిసిన ఆకు ముట్టుకుంటే ఆ తడిలో ఉన్న నికోటిన్ చర్మంలోంచే ఒంట్లోకి పోతుంది. మా అమ్మ ఎన్నిసార్లు గట్టు మీద కూర్చుని వాంతులు చేసుకుందో లెక్కలేదు. ఎండకు కళ్లు తిరిగాయి అనుకునేవాళ్లం. చేతులకు నల్లటి జిగురు పట్టేస్తుంది, సబ్బుకు పోదు. పచ్చి టమాటా రుద్దితే కొంచెం వదిలేది. ఆ చేత్తో కలిపిన అన్నం ముద్ద చేదుగా ఉంటుంది. మా అమ్మ పెట్టిన గోరుముద్దల రుచి నాకు అదే.

తర్వాత ఆకును కర్రలకు అల్లి బ్యారన్‌లో, అంటే ఆకును వేడికి ఆరబెట్టే కొట్టంలో వేలాడదీసి, దాదాపు వారం పాటు రాత్రీ పగలూ మంట పెట్టాలి. వేడి కొంచెం అటూ ఇటూ అయితే రంగు పోతుంది, రంగు పోతే ధర పోతుంది. అందుకని నాన్న బ్యారన్ దగ్గరే చాప వేసుకుని పడుకుని, గంట గంటకూ లేచి ధర్మామీటర్ చూసేవారు. ఇంత చేసి వేలం కేంద్రానికి తీసుకెళ్తే, కొనేవాళ్లు వరసలో నడుచుకుంటూ వచ్చి ఒక్కో బేలుకు క్షణాల్లో ధర చెప్పి వెళ్లిపోతారు. కొన్నిటికి అసలు ఎవరూ పాడరు. 'నోబిడ్' అంటారు. ఆ బేళ్లు మళ్లీ ట్రాక్టర్‌లో ఇంటికి. 2015లో ధరలు పడిపోయి మా జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2025లో బర్లీ రకం పొగాకును కంపెనీలు సరిగ్గా కొనకపోతే, పంటలు కొనే సహకార సంస్థ మార్క్‌ఫెడ్‌తో ప్రభుత్వమే కొనాల్సి వచ్చింది.

మా అన్నయ్య రెండేళ్లు శనగ వేశాడు, ఒక ఏడాది సుబాబుల్ పెట్టాడు. బ్యారన్ మీద తెచ్చిన అప్పు వడ్డీకి కూడా రాలేదు. మళ్లీ పొగాకే. ఇంకో మాట. మా దగ్గర పండే వర్జీనియా రకం ఆకులో ఎక్కువ భాగం విదేశాలకే పోతుంది. ఇక్కడ తాగడం నిషేధించినా మా పొలంలో పంట అలాగే ఉంటుంది, మా అమ్మ వాంతులూ అలాగే ఉంటాయి. నిషేధం అనేవాళ్లు ముందు మా బ్యారన్ అప్పు తీరే దారి చూపించండి, మేమే ఆ బ్యారన్లు కూలగొడతాం. ఇది మనస్ఫూర్తిగా అంటున్నాను.

తెనాలి అబ్బాయి:
చెల్లీ, ఈ సంగతులు నాకు తెలియవు. తెనాలి నుంచి టంగుటూరు ఎంత దూరమని. మీ అమ్మగారి ఆరోగ్యం ఇప్పుడెలా ఉంది?

టంగుటూరు ఆడపడుచు:
ఇప్పుడు పొలానికి పోవడం లేదన్నా. నడుము నొప్పి ఒక్కటే.

ఇందూరు బిడ్డ:
మా అమ్మ బీడీలు చేస్తది. తొమ్మిదేళ్ల వయసులో చాట ఒళ్లో పెట్టుకుంది, ఇప్పుడు యాభై రెండు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఏ ఊరికి పోయినా మధ్యాహ్నం అరుగుల మీద ఇదే కనబడుతుంది.

తునికాకు రాత్రి నానబెట్టాలి. పొద్దున కత్తెరతో ఒకే కొలతకు కత్తిరించాలి. ఆకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టాలి. వెయ్యి బీడీలు కావాలంటే పొద్దున వంట అయినప్పటి నుంచి దీపాలు పెట్టే దాకా కూర్చోవాలి. ఇచ్చిన ఆకు చెడ్డదైతే లెక్క తక్కువైతది, ఆ ఆకు పైసలు అమ్మే భరించాలి. నెలంతా పని ఉండదు, చాలా నెలల్లో సగం రోజులే. నేను చిన్నప్పుడు ఆ చాట పక్కనే పడుకునేదాన్ని. నా బట్టలకు, పుస్తకాలకు తంబాకు వాసన. బడిలో పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది.

మా నాయన దుబాయ్‌లో ఉన్న పద్నాలుగేళ్లలో, ఆయన పైసలు రాని నెలల్లో ఇల్లు నడిచింది బీడీల మీదే. తెలంగాణ వచ్చినంక బీడీ కార్మికులకు జీవన భృతి పెట్టిండ్రు. 2,016 రూపాయలు మా ఇంట్లో చాలా పెద్ద ఆసరా.

నిషేధం సంగతి అమ్మను అడిగిన. "బంద్ చేస్తే మంచిదే బిడ్డా, కానీ తెల్లారి నుంచి నేనేం చెయ్యాలె?" అన్నది. అమ్మకు మోకాళ్లు పోయినయి, దగ్గు తగ్గదు. ఇంకో పని రాదు. నన్ను మాత్రం ఎన్నడూ చాట ముట్టనియ్యలేదు. ఒక్కసారి సెలవుల్లో సాయం చేస్తానని కూర్చుంటే చెంప మీద కొట్టింది. ఇప్పుడు నేను నర్సింగ్ చదువుతున్న.

సిక్కోలు ఈఎన్‌టీ:
ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తున్నాను. మా వైపు సమస్యే వేరు. శ్రీకాకుళం, విశాఖ తీరం ఊళ్లలో ముసలమ్మలు అడ్డచుట్ట తాగుతారు. అంటే నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం. గాలికి ఆరిపోదని, పని చేసుకుంటూ తాగొచ్చని చెబుతారు. ఆ వేడికీ పొగకూ అంగిలి మీద తెల్లగా మచ్చలు లేస్తాయి, మధ్యలో ఎర్రటి చుక్కలు. అక్కడే పుండు పడుతుంది. అంగిలి కేన్సర్ మామూలుగా చాలా తక్కువ కనిపించే జబ్బు, మా ఓపీలో అరుదు కాదు.

ఈమధ్య ఒక మామ్మ వచ్చింది. తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తున్నాయని. టార్చి వేసి చూస్తే అంగిలికి చిల్లు పడిపోయింది. "ఎన్నేళ్ల నుంచి మామ్మా?" అంటే "పెళ్లికి ముందు నుంచీ బాబూ, మా యమ్మే నేర్పింది" అంది. ఆ చుట్టకు కంపెనీ లేదు, ప్యాకెట్ లేదు, హెచ్చరిక బొమ్మ లేదు. పెరట్లో ఆకు, చేత్తో చుట్టినది. ఏ నిషేధం ఆ పెరటి దాకా వెళ్తుందో నాకైతే అర్థం కాదు. నోరు తెరిపించి చూసే ఆశా కార్యకర్త ఒకరు మూడు నెలలకోసారి ఆ వీధికి వెళ్లగలిగితే, చిల్లు పడక ముందే మా దగ్గరికి వస్తారు.

తెనాలి గారూ, అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటి. పొగ తాగేవాళ్లకు గొంతు బొంగురు మూడు వారాలు దాటితే కషాయాలు ఆపి వెంటనే ఈఎన్‌టీకి చూపించండి. స్వరపేటిక కేన్సర్ తొందరగా దొరికితే చాలామందికి గొంతు నిలబెట్టవచ్చు.

రాయదుర్గం మాస్టారు:
రిటైరైన ఉపాధ్యాయుణ్ని. నాకు మద్యనిషేధం నాటి రోజులు బాగా గుర్తు. దూబగుంట రోశమ్మ, నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా మీద పోరాడితే 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ నిషేధం తెచ్చింది. 1997కల్లా ఎత్తేశారు. మాది కర్ణాటక సరిహద్దు. బళ్లారి వైపు నుంచి పాల క్యాన్లలో సీసాలు రావడం కళ్లారా చూశాను. నా దగ్గర తొమ్మిదో తరగతి చదివిన ఒక కుర్రాడు ఆ క్యాన్లు మోస్తూ పట్టుబడ్డాడు, బడి మానేశాడు. మంచి లెక్కలవాడు. అయితే ఇది కూడా నిజం: ఆ రెండేళ్లు మా వీధిలో రాత్రిళ్లు ఆడవాళ్ల ఏడుపులు తగ్గాయి. రెండూ చూసినవాణ్ని కాబట్టి నిషేధం దండగని చెప్పలేను, సులువని అంతకంటే చెప్పలేను.

భూటాన్ 2004లో పొగాకు అమ్మకాలు ఆపింది. సరిహద్దులోంచి దొంగ సరుకు ఆగలేదు, 2021లో మళ్లీ అమ్మకాలకు అనుమతించింది. మా పక్కన కర్ణాటక 2025లో కొనే వయసు 21కి పెంచి, సిగరెట్లు విడిగా అమ్మకూడదని చట్టం చేసింది. నాకు ఇది ఎక్కువ నచ్చింది.

మాలేలో తెలుగు టీచర్:
మాల్దీవుల్లో ఉంటున్నాను. ఇక్కడ 2025 నవంబర్ 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. 2007 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు పొగాకు అమ్మకూడదు, వాళ్లు కొనకూడదు, తాగకూడదు. టూరిస్టులకూ అదే రూలు. ఇప్పుడు తాగుతున్న పెద్దవాళ్ల జోలికి పోరు. ఏడాది గడిచేకొద్దీ కొనగలిగే కనీస వయసు ఒక్కో ఏడాది పెరుగుతూ పోతుంది. న్యూజిలాండ్ కూడా 2022లో ఇలాంటిదే చేసింది గానీ, ప్రభుత్వం మారాక 2024లో రద్దు చేసుకుంది. ఇలా చేస్తే టంగుటూరు చెల్లికీ, ఇందూరు అమ్మకూ ఇంకో పని వెతుక్కోవడానికి పాతికేళ్ల గడువు దొరుకుతుంది కదా?

టంగుటూరు ఆడపడుచు:
ఇది బాగుంది అక్కా. మా అన్నయ్య కొడుక్కి ఇప్పుడు ఆరేళ్లు. వాడు బ్యారన్ ముఖం చూడక్కర్లేదు అప్పుడు.

మానేసి పద్నాలుగు నెలలు:
చట్టాల సంగతి పెద్దవాళ్లు చెప్పారు. నేను రోజుకు పదిహేను తాగేవాణ్ని. నాలుగుసార్లు మానేసి నాలుగుసార్లు మొదలుపెట్టాను. మూడోసారి మూడు నెలలు ఆగాను, మేనమామ పోయినప్పుడు శ్మశానం బయట ఎవరో ఒకటి చేతిలో పెట్టారు, అంతే. నాకు టీ తాగితే సిగరెట్ కావాలి. అందుకని ఈసారి టీ మానేశాను, మజ్జిగకు మారాను. మొదటి నాలుగు రోజులు పిల్లల మీద ఊరికే అరిచాను. మూడు వారాలకు కొంచెం తెరిపి. నాకు అన్నిటికంటే కష్టమైంది విడిగా దొరకడం. ప్యాకెట్ కొనాలంటే ఆలోచిస్తాం, ఒక్కటే కదా అంటే చెయ్యి జేబులోకి పోతుంది.

తెనాలి అబ్బాయి:
అందరూ రాసినవి నిన్న రాత్రి నాన్నకు చదివి వినిపించాను. బ్యారన్ దగ్గర చాప వేసుకుని పడుకున్న పెద్దాయన దగ్గర చెయ్యి ఎత్తి ఆపమన్నారు. అది మళ్లీ చదవమన్నారు. తర్వాత పలక తీసుకుని రాయడం మొదలుపెట్టారు. మొత్తం మూడుసార్లు తుడిచి రాశారు.

మొదటిది: "కాలేజీ గేటు. ఒక్కటి కొన్నా. పది పైసలు." రెండోది: "ప్యాకెట్ కొనడానికి డబ్బుల్లేవు అప్పుడు." మూడోది రాయడానికి చాలాసేపు పట్టింది: "విడిగా అమ్మకపోతే మొదలుపెట్టేవాణ్ని కాదు."

ప్యాకెట్ మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ వేయాలని 2016 నుంచి రూలు ఉంది. ఒక్కటి కొనేవాడి చేతికి ఆ బొమ్మ ఎలాగూ రాదు. మొదటి రోజు పూర్తి నిషేధం అని రాశాను. ఇవాళ అడిగితే, మాల్దీవుల పద్ధతిలో పుట్టిన ఏడాది గీత పెట్టండి, దానికంటే ముందు రేపటి నుంచే విడి అమ్మకం ఆపండి అంటాను. పొగాకు మీద వచ్చే పన్నులో కొంత భాగం బ్యారన్ అప్పులకూ బీడీ చేసే అమ్మలకూ పోవాలి. ఈ మూడూ కలిపి మా ఎమ్మెల్యే ఆఫీసులో అర్జీ ఇస్తున్నాను. విడి అమ్మకం సంగతి పైనే రాస్తాను.

ఇందూరు బిడ్డ:
అర్జీలో బీడీ కట్ట సంగతి కూడా పెట్టన్నా. బీడీలు కూడా విడిగా అమ్ముతరు.

తెనాలి అబ్బాయి:
పెడతాను చెల్లీ.

ఈసీఐఎల్ చౌరస్తా:
ఒక మాట చెప్పాలి. నేనూ రోజుకు నాలుగు తాగుతా. పైన రాసినప్పుడు చెప్పలేదు. మానేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మానేసి పద్నాలుగు నెలలు:
1800-11-2356కు ఫోన్ చెయ్యి తమ్ముడూ. ప్రభుత్వ క్విట్‌లైన్, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. మానేసే తేదీ నిన్నే చెప్పమంటారు, తర్వాత వాళ్లే ఫోన్ చేసి అడుగుతారు. తేదీ అనుకున్నాక ఇక్కడ రాయి, ఆ మొదటి నాలుగు రోజులు నేను రోజూ పలకరిస్తా.

ఈసీఐఎల్ చౌరస్తా:
సోమవారం అన్నా.