విజయవాడ నుంచి హైదరాబాదుకు నెలనెలా వెళ్ళాలి: కారా, రైలా?

కృష్ణలంక వాసి:
72 ఏళ్ళ మా నాన్నగారికి కంటిలో ఇంజెక్షన్లు వేయించాలి. ఆరు నెలల పాటు నెలకొక సోమవారం ఉదయం 10 గంటలకల్లా జూబ్లీహిల్స్‌లోని ఆసుపత్రిలో ఉండాలి. అమ్మ కూడా వస్తుంది. కారు ఉంది కానీ నడిపేది నేనొక్కడినే. తెల్లవారుజామున కారులో బయలుదేరి అదే రోజు రాత్రికి తిరిగి రావడం మంచిదా, రైలు మంచిదా? స్టేషనులో చక్రాల కుర్చీ దొరుకుతుందా? ఇంజెక్షను తరువాత తిరుగు ప్రయాణం ఎలా చేయించారో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

నందిగామ రైతుబిడ్డ:
కారులోనే వెళ్ళండి. రైలు గురించి మాట్లాడేవారందరికీ ఇంటి పక్కనే స్టేషను ఉంటుంది. నందిగామకు, కోదాడకు, సూర్యాపేటకు రైలే లేదు. మా ఊరి నుంచి రైలెక్కాలంటే హైదరాబాదుకు వీపు చూపించి ముందు బెజవాడ వెళ్ళాలి. రోడ్డు దారి సుమారు 275 కిలోమీటర్లు, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి దగ్గర మూడు టోల్‌గేట్లు. 2025 ఆగస్టు 15న వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాసు మొదట్లోనే 3,000 రూపాయలు పెట్టి తీసుకున్నాను. 200 దాటింపుల వరకు అది చెల్లుతుంది. మీకు రానూపోనూ ఆరు చొప్పున ఆరు నెలలకు 36 సరిపోతాయి, మిగిలినవి ఏడాది లోపు వాడుకోవచ్చు.

గోదావరి బెర్తు:
మా అమ్మ మోకాలి శస్త్రచికిత్స కోసం పోయిన ఏడాది నాలుగుసార్లు తిరిగాను కనుక చెబుతున్నాను. ఆదివారం రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. 1974 ఫిబ్రవరి 1న మొదలైన ఆ బండిలో మా తాతగారు ఉద్యోగానికి వెళ్ళారు, మా నాన్నగారు చదువుకు వెళ్ళారు, నేను అమ్మను తీసుకువెళ్ళాను. రాత్రంతా పడుకుని తెల్లవారకముందే సికింద్రాబాదులో దిగి, విశ్రాంతి గదిలో ముఖం కడుక్కుని, స్టేషనుకు నడిచే దూరంలో ఉన్న సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రోలో రాయదుర్గం వైపు బండి ఎక్కితే మధ్యలో ఎక్కడా మారకుండా జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో దిగవచ్చు. విశాఖ నుంచి వచ్చే వందేభారత్‌లు మీ పనికి ఉపయోగపడవు; ఒకటి బెజవాడకు వచ్చేసరికే ఉదయం పది అవుతుంది, రెండవది సాయంత్రం వస్తుంది.

అరవైఐదు సారథి:
నేను 22 ఏళ్ళుగా ఇదే దారిలో అద్దె కారు నడుపుతున్నాను, ఇక్కడ ఎవరికీ లేనంత అనుభవం నాకుంది. ఉదయం నాలుగింటికి బయలుదేరితే పెద్ద అంబర్‌పేట వరకు ఏ ఇబ్బందీ ఉండదు. అసలు ప్రశ్న అక్కడి నుంచే మొదలవుతుంది. ఎనిమిది దాటాక నేరుగా హయత్‌నగర్, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట మీదుగా జూబ్లీహిల్స్ వెళ్ళాలనుకునేవారు నగరం తెలియనివారు. ఔటర్ రింగు రోడ్డు ఎక్కి శంషాబాద్ మీదుగా గచ్చిబౌలి వైపు దిగి, దుర్గంచెరువు తీగల వంతెన దాటి జూబ్లీహిల్స్ చేరాలి.

ఎల్బీనగర్ నివాసి:
మొత్తం 158 కిలోమీటర్ల ఔటర్‌లో దాదాపు దక్షిణపు సగమంతా పెద్దాయన చేత చుట్టించమంటున్నారు! పైగా సోమవారం ఉదయం గచ్చిబౌలి కూడలిలో ఐటీ ఉద్యోగుల రద్దీ మొత్తం ఉంటుంది. ఎల్బీనగర్‌లో వంతెనలు, అండర్‌పాసులు వచ్చాక మా వైపు పరిస్థితి చాలా మెరుగుపడింది. ఏడున్నర లోపు అయితే నేరుగా రావడమే మేలు.

అరవైఐదు సారథి:
ఎల్బీనగర్ దాటించే వంతెనలు దిల్‌సుఖ్‌నగర్‌ను దాటించవు కదా. చైతన్యపురి నుంచి మలక్‌పేట దాకా నేను ముప్పావు గంట నిలబడిన రోజులు లెక్కలేనన్ని. గచ్చిబౌలి వద్దనుకుంటే శంషాబాద్ దగ్గర దిగి ఆరాంఘర్ నుంచి పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా మెహిదీపట్నం రావచ్చు. పదకొండున్నర కిలోమీటర్ల ఆ వంతెన మీద ఒక్క సిగ్నలూ లేదు.

ఎల్బీనగర్ నివాసి:
మెహిదీపట్నంలో దిగాక మాసబ్‌ట్యాంక్ వరకు ఏమవుతుందో కూడా చెప్పండి. అక్కడి నుంచి బంజారాహిల్స్ ఎక్కడం ఉదయం తొమ్మిదికి ఎంత కష్టమో అక్కడ ఉద్యోగం చేస్తున్న నాకు తెలుసు. నగరం తెలియనివారు అన్న మాట మీరు వెనక్కి తీసుకోవాలి.

అరవైఐదు సారథి:
ఆ మాట మిమ్మల్ని ఉద్దేశించి అనలేదు, బాధ కలిగితే మన్నించండి. దారి విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.

సూర్యాపేట కోడలు:
మీ ఇద్దరూ పెద్ద అంబర్‌పేట తరువాతి సంగతే వాదిస్తున్నారు. నా భయం అంతకుముందు దారి గురించి. మూడేళ్ళ క్రితం మా మరిది అర్ధరాత్రి దాటాక ఒంటరిగా కారు నడుపుతూ, తెల్లవారుజామున నకిరేకల్ దాటాక ఒక్క క్షణం కునుకు తీయడంతో ఆగి ఉన్న లారీని గుద్దాడు. ప్రాణం దక్కింది కానీ కుడి కాలు దక్కలేదు. ఆ వేళలో రోడ్డు ఖాళీగా ఉంటుందని అందరూ చెబుతారు. ఆ ఖాళీ రోడ్డే నిద్రను తెస్తుందని ఎవరూ చెప్పరు. ఒక్కరే డ్రైవరుగా ఉండి నాలుగింటికి బయలుదేరి, ఆసుపత్రిలో రోజంతా కూర్చుని, అదే రాత్రి మళ్ళీ నడపవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

నందిగామ రైతుబిడ్డ:
అమ్మా, మీ మరిది గారి విషయం విని చాలా బాధ కలిగింది. ఒకే రోజు తిరిగి రావడం వద్దనే మాటకు నేనూ ఒప్పుకుంటాను. ఖర్చు మాత్రం చూడండి: రానూపోనూ 550 కిలోమీటర్లకు, లీటరుకు 16 వచ్చే కారైతే 34 లీటర్ల పైన పడుతుంది. మన వైపు కన్నా తెలంగాణలో ధర కొద్దిగా తక్కువ కనుక కోదాడ దాటాక పోయించుకోండి.

గోదావరి బెర్తు:
ఆ లెక్కలో టైర్ల అరుగుదల, సర్వీసింగు, ఆసుపత్రి పార్కింగు, నడిపేవాడి ఒళ్ళునొప్పులు ఏవీ లేవు. ముగ్గురికి రానూపోనూ స్లీపరు టికెట్లు మీ 34 లీటర్ల ఖర్చులో సగం కూడా కావు. అయితే 2020 మార్చిలో వృద్ధుల రాయితీ తీసేశారు, ఆ కోపం నాకు ఇంకా ఉంది.

మాదాపూర్ ఉద్యోగి:
మధ్యేమార్గం ఒకటుంది. మా తల్లిదండ్రులను తెచ్చేటప్పుడు ఎల్బీనగర్ మెట్రో దగ్గర కారు నిలిపి, అమీర్‌పేటలో నీలి లైనుకు మారి జూబ్లీహిల్స్ వెళ్ళేవాళ్ళం. అమీర్‌పేటలో లిఫ్టు కోసం కాస్త ఆగవలసి వచ్చినా, పెద్దవాళ్ళకు రోడ్డు మీద నిలిచిపోయిన కారులో కూర్చోవడం కన్నా అదే నయమనిపించింది. సంక్రాంతి వారంలో మాత్రం ఏ కారూ వద్దు. పంతంగి దగ్గర వరుస చూస్తే అర్థమవుతుంది.

గుంటూరు ప్రయాణికుడు:
రైలు ఎంచుకుంటే దిగే స్టేషను పేరు చూసుకుని టికెట్టు తీసుకోండి. 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమయ్యాక కొన్ని బళ్ళు అక్కడే ఆగిపోతున్నాయి. అక్కడికి మెట్రో లేదు. తెల్లవారుజామున మా అత్తగారితో అక్కడ దిగి, ఆటో కోసం నలభై నిమిషాలు నిలబడ్డాను.

చక్రాల కుర్చీ గురించి ఎవరూ చెప్పలేదు కనుక చెబుతున్నాను. స్టేషను మేనేజరు గదిలో అడిగితే కుర్చీ ఇస్తారు, తోసేందుకు కూలీని మాట్లాడుకోవాలి. దిగాక వెతుక్కోకుండా, మనతో వచ్చిన మరొకరిని ముందుగా పంపడం మంచిది. ఇక కంటి సంగతి: చుక్కల మందు వేశాక కొన్ని గంటల పాటు వెలుతురు చూడలేరు, చూపు మసకగా ఉంటుంది. మా అత్తగారికి నల్లకళ్ళద్దాలు పెట్టి, సాయంత్రం దాకా గదిలో పడుకోబెట్టి, రాత్రి రైలుకు తీసుకువచ్చేవాళ్ళం.

కృష్ణలంక వాసి:
అందరికీ కృతజ్ఞతలు. సూర్యాపేట అమ్మగారి మాట చదివాక కారు ఆలోచన మానుకున్నాను. గోదావరికి ముగ్గురికీ కలిపి టికెట్టు తీశాను కానీ నాన్నగారికి పై బెర్తు వచ్చింది. ఏం చేయాలి?

గోదావరి బెర్తు:
ముగ్గురినీ ఒకే టికెట్టులో పెట్టడమే పొరపాటు. 60 దాటిన పురుషులకు, 45 దాటిన స్త్రీలకు కింది బెర్తుల కోటా ఉంది, అది ఒకరు లేదా ఇద్దరు ఉన్న టికెట్టుకే వర్తిస్తుంది. ముందు ఆ కోటాలో మీ తేదీకి ఖాళీ ఉందో లేదో చూసుకోండి. ఉంటే అమ్మగారికి, నాన్నగారికి కలిపి అందులో వేరే టికెట్టు తీసి, పాత టికెట్టులో వాళ్ళిద్దరినీ మాత్రమే రద్దు చేసుకోండి. మీ బెర్తు అలాగే ఉంటుంది. ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే రిజర్వేషను ఇస్తున్నారు కనుక, వచ్చే నెల సోమవారానికి కూడా ఇవాళే చూడండి.