ఉమ్మడి కంపోస్ట్ డబ్బా కంపు కొడుతోంది, రాలిన ఆకులు ఏం చేయాలి?

ప్రశ్న

నమస్కారం అండీ. మా బిల్డింగ్‌లో కొన్ని ఇళ్లవాళ్లం కలిసి వంటింటి తడి చెత్తను ఒకేచోట కంపోస్ట్ చేస్తున్నాం. మొదట్లో బాగానే ఉండేది. ఈమధ్య మూత తీస్తే చాలు, ముక్కు మూసుకోవాల్సి వస్తోంది. అడుగున నల్లగా, జిగటగా తయారైంది. చిన్న ఈగలు ముసురుతున్నాయి. పై అంతస్తువాళ్లు అసలు తీసేయమంటున్నారు. ఇంకోపక్క ఆకురాలే కాలం మొదలై ఆవరణంతా ఆకులే. సంచుల్లో కట్టి చెత్త బండికి ఇచ్చేద్దామని కొందరు, ఓ మూల తగలబెట్టేద్దామని ఇంకొందరు. రెండూ ఒకేసారి వచ్చిపడి టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

జవాబు

మీ రెండో సమస్యే మొదటిదానికి మందు అండీ. ఒక్క సంచి ఆకు కూడా బయటికి పోనివ్వకండి. తగలబెట్టడం అసలే వద్దు. ఆ పొగలోని సన్నటి రేణువులు ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్తాయి, ఉబ్బసం ఉన్నవాళ్లకు నరకం.

కంపు ఎందుకొస్తుందంటే, కూరగాయల తొక్కల్లో నీరు, నత్రజని ఎక్కువ. ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ. చెత్తను ఎరువుగా మార్చే సూక్ష్మజీవులకు ఒక వంతు నత్రజనికి 25 నుంచి 30 వంతుల కార్బన్ ఉంటే బాగా పనిచేస్తాయి. వంటింటి చెత్తలో ఈ లెక్క సుమారు 15 నుంచి 20 దగ్గరే ఆగిపోతుంది. ఎండుటాకుల్లో 40 నుంచి 80 దాకా ఉంటుంది. అందుకే రెండూ కలవాలి. తూకాలు అక్కర్లేదు, ఒక బకెట్ తడి చెత్తకు రెండు మూడు బకెట్ల ఎండుటాకులు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

వాసనను బట్టి కూడా జబ్బు తెలుస్తుంది. కళ్లు మండేలా అమోనియా ఘాటు వస్తే నత్రజని ఎక్కువైనట్టు. కుళ్లిన గుడ్డు వాసన వస్తే లోపలికి గాలి ఆడట్లేదని. అడుగున జిగటగా ఉందన్నారు కాబట్టి మీది ఈ రెండో రకమే అనుకుంటున్నాను. డబ్బాలో ఉన్నదంతా ఒక పట్టా మీద గుమ్మరించి, ఉండలు విడగొట్టి, ఎండుటాకులు కలపండి. డబ్బా అడుగున ముందు జానెడు ఎత్తున ఎండు పుల్లలు పరిచి, కలిపినదంతా దాని మీద తిరిగి వేయండి. పక్కల, అడుగున చిల్లులు లేకపోతే పెట్టించండి.

చెమ్మ చూసుకోవడానికి ఒక పిడికెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రావాలి, అంతే. ధారగా కారితే ఆకులు చాలనట్టు. పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చిలకరించండి.

ఈగల సంగతి తేలికే. ఎవరు చెత్త వేసినా తొక్క ఒక్కటి కూడా పైకి కనబడకుండా ఆకులతో కప్పే వెళ్లాలి. దీనికి ఆకుల సంచి డబ్బా పక్కనే ఉండాలి. పది అడుగుల దూరంలో ఉన్నా ఎవరూ తీసుకోరు.

ఇంకొకరి జవాబు

పైన చెప్పిందంతా సరైనదే. ఒక్కటి కలుపుతాను. ఆకులు రాలేది కొన్ని వారాలే, తొక్కలు మాత్రం ఏడాది పొడుగునా వస్తాయి. ఎక్కువ ఉమ్మడి కంపోస్టులు మూతపడేది ఇక్కడే. ఆకులున్నప్పుడు బ్రహ్మాండంగా నడుస్తుంది, అవి అయిపోయాక కంపు, గొడవలు. కాబట్టి ఇప్పుడే దాచుకోండి. రోజుకు ఒక బకెట్ తడి చెత్త వస్తే నెలకు కనీసం 60 బకెట్ల ఆకులు కావాలి. మీ ఆవరణలోవి చాలవు, పక్క బిల్డింగులవాళ్లనూ అడగండి. వాళ్లకూ పని తప్పుతుంది.

దాచేముందు తరగండి. వెడల్పాటి ఆకులు అలాగే వేస్తే తడిసి ఒకదానికొకటి అట్టలా అంటుకుపోతాయి. ఆ అట్టను ఎత్తి చూడండి, పైన బురద నిలిచి ఉంటుంది, కింది ఆకులు ఎలా వేసినవి అలాగే పొడిగా ఉంటాయి. నీళ్లు దిగవు, గాలి ఆడదు. గడ్డి కోసే మెషీన్ ఉంటే ఆకుల మీద నడిపిస్తే సరిపోతుంది. లేదంటే బాగా ఎండిన ఆకులను గోనెసంచిలో వేసి తొక్కితే పొడుం అవుతాయి. చోటు కూడా బాగా కలిసొస్తుంది. వాన తగలని చోట, గాలి ఆడే సంచుల్లో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లు, గాజు పెంకులు ముందే ఏరేయాలి. బండ్ల ఆయిల్ అంటిన ఆకులు తీసుకోకండి.

అడిగినవారు మళ్లీ

చాలా థాంక్సండీ ఇద్దరికీ. ఎలుకల భయం ఉంది, ఏమేం వేయకూడదు? ‘కంపోస్ట్ అవుతుంది’ అని రాసి ఉన్న సంచులు వేయొచ్చా? ఇన్ని ఆకులు ఇంకా మిగిలిపోతే?

జవాబు

మాంసం, చేపలు, పాలపదార్థాలు, నూనె వస్తువులు ఉమ్మడి డబ్బాలో వద్దు. వండినవి కూడా ఆపేయండి. ఎలుకలు వచ్చేది వీటికే. అడుగున, చిల్లుల దగ్గర అర అంగుళం కన్నా చిన్న కళ్లున్న ఇనుప జాలీ బిగించండి. ‘కంపోస్ట్ అవుతుంది’ అని రాసిన సంచుల్లో చాలావరకు పెద్ద కంపోస్ట్ కేంద్రాల్లోని వేడికి చివికిపోయేలా చేసినవి. చిన్న డబ్బాలో అవి ఏళ్లు గడిచినా పీలికలుగానే కనిపించొచ్చు. పండ్ల మీది స్టిక్కర్లూ అంతే, పీకేసి వేయమనండి.

చోటుంటే తడి చెత్త, ఆకులు కలిపి గజం పొడుగు, గజం వెడల్పు, గజం ఎత్తు కుప్ప పెట్టండి. ఆ పాటి కుప్పకు లోపల 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ వేడి పుడుతుంది. కలుపు విత్తనాలు చచ్చేది ఆ వేడికే. చిన్న డబ్బాలో అంత వేడి నిలవదు, ఆలస్యమవుతుంది కానీ ఎరువు తయారవుతుంది.

మిగిలిన ఆకులను తడిపి, జాలీ చుట్టిన ఒక మూలలో వదిలేయండి. బూజు జాతి జీవులే వాటిని నెమ్మదిగా చివికిస్తాయి. ఏడాది, రెండేళ్లు పడుతుంది. పోషకాలు తక్కువే గానీ మట్టిలో చెమ్మ పట్టి ఉంచడానికి అంత మంచిది ఇంకోటి లేదు.

ఇక మనుషుల సంగతి. ఏ వారం ఎవరు డబ్బాలోదాన్ని గాలి ఆడేలా తిరగేయాలో పేర్లు రాసి డబ్బా మీదే అంటించండి. ‘అందరం చూసుకుందాం’ అంటే ఎవరూ చూసుకోరు. నా లెక్కన ఖరీదైన డబ్బా కన్నా ఆ కాగితం ముఖ్యం.

అడిగినవారు మళ్లీ

చివరిగా ఒక్కటి. ఎరువు మాగిందని ఎలా తెలుస్తుంది? తొందరపడి కుండీల్లో వేసి మొక్కలు చచ్చిపోతే మళ్లీ అందరూ నన్నే అంటారు.

ఇంకొకరి జవాబు

తొక్కలు గుర్తుపట్టేలా ఉండకూడదు, ముట్టుకుంటే వెచ్చగా ఉండకూడదు. అయినా అనుమానముంటే కొంచెం తడిపి ఒక కవర్‌లో వేసి గట్టిగా మూతి కట్టి, వారం ఆగి విప్పండి. మట్టి వాసన వస్తే వాడుకోవచ్చు. పులిసిన వాసన వస్తే ఇంకో నెల మాగనివ్వండి. జల్లెడ పట్టాక మిగిలిన ముక్కలు పారేయకుండా కొత్త కుప్పలో కలపండి, వాటిలోని సూక్ష్మజీవులతో అది తొందరగా అందుకుంటుంది. కుండీలకైతే మూడు పాళ్ల మట్టికి ఒక పాలు ఎరువు వేయండి.