సేబర్‌టూత్ పీ67తో 2011 నాటి మిలిటరీ లుక్కు రిగ్: కవచం ఉంచాలా, తీసేయాలా?

రేణిగుంట_రిగ్:
అందరికీ నమస్తే. ఆసుస్ సేబర్‌టూత్ పీ67 మదర్‌బోర్డు, ఐ5-2500కే ప్రాసెసర్, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ స్టిక్కులు రెండు సెకండ్ హ్యాండ్‌లో దొరికాయి. బోర్డు మొత్తాన్నీ కప్పే ఆ నల్ల ప్లాస్టిక్ కవచం చెక్కుచెదరలేదు. ఆ కాలపు మిలిటరీ లుక్కు పోకుండా తిరుపతిలో రోజూ వాడుకునే మిషన్ చెయ్యాలని ఉంది. మన ఎండకీ దుమ్ముకీ ఆ కవచం మేలా, చేటా? పవర్ ఇచ్చే ముందు ఏమేం చూసుకోవాలి? క్యాబినెట్ కూడా అదే తీరులో ఉండాలంటే దారేంటి?

అలిపిరి_హార్డ్‌వేర్:
కవచం సంగతి తర్వాత, ముందు చిప్‌సెట్ (డ్రైవులు, పోర్టులు వగైరాలను నడిపే బోర్డు మీది చిప్పు) చూడన్నా. 6 సిరీస్ చిప్‌సెట్‌లో లోపం ఉందని ఇంటెల్ 2011 జనవరి 31న ప్రకటించి, అప్పటికే అమ్మిన బోర్డులు వెనక్కి తెప్పించింది. బీ2 స్టెప్పింగ్‌లో, అంటే ఆ చిప్పు పాత కూర్పులో, డ్రైవులు తగిలించే 3 గిగాబిట్ సాటా పోర్టులు నాలుగూ వాడేకొద్దీ బలహీనపడతాయి. 6 గిగాబిట్ పోర్టులు రెండింటికీ ఆ బెడద లేదు. బీ3లో దీన్ని సరిచేశారు. ఆసుస్ వాటిమీద ‘రెవ్ 3.0’ అని వేసింది. అచ్చు కనబడకపోతే లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఎల్‌ఎస్‌పీసీఐ (lspci) కమాండ్ కొట్టు. చిప్‌సెట్ లైన్లలో రెవ్ 05 వస్తే బీ3, 04 వస్తే బీ2. బీ2 అయినా పారేయనక్కర్లేదు, ఎస్‌ఎస్‌డీని 6 గిగాబిట్ పోర్టుకే తగిలించు.

ఇంకోటి, పీ67లో ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు. బోర్డుకి డిస్‌ప్లే పోర్టే ఉండదు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా ఆన్ చేసి స్క్రీన్ రాలేదని బోర్డుని అనుమానించొద్దు. ర్యామ్ 1.5 వోల్టులదే పెట్టు. అంతకు ముందు ఎక్స్58 చిప్‌సెట్ కాలపు 1.65 వోల్టుల స్టిక్కులు శాండీ బ్రిడ్జ్‌కి, అంటే నీ ప్రాసెసర్ తరానికి, మంచివి కావు.

ఇక కవచం. పైనుంచి పడే దుమ్మునీ, కార్డు వదిలే వేడిగాలినీ అది ఆపుతుంది. కానీ సందుల్లోంచి లోపలికి దూరిన దుమ్ము మళ్ళీ బయటకు రాదు, కింద దట్టంగా పేరుకుంటుంది. గాలి కదలకపోతే ప్రాసెసర్‌కి కరెంటు సర్దే రెగ్యులేటర్ హీట్‌సింక్ వేడి లోపలే నిలుస్తుంది. కాబట్టి నా మాట: ఒకసారి పూర్తిగా విప్పి శుభ్రం చేసి మళ్ళీ బిగించు. ఆ బోర్డు అందమంతా దాంట్లోనే ఉంది, తీసేస్తే మామూలు బోర్డే.

విప్పేటప్పుడు కార్డు, ర్యామ్, కూలర్ తీసెయ్. ప్రాసెసర్‌ని మాత్రం సాకెట్‌లోనే ఉంచి లివర్ వేసే ఉంచు, లేదంటే చెయ్యి తగిలి పిన్నులు వంగుతాయి. కవచం స్క్రూలు బోర్డు వెనకవైపు ఉంటాయి. ఏది ఏ రంధ్రందో అట్టముక్క మీద బొమ్మ గీసి గుచ్చిపెట్టుకో. అన్నీ తీశాక కూడా రాకపోతే ఎక్కడో ఒకటి మిగిలి ఉందని అర్థం, స్క్రూడ్రైవర్‌తో ఎత్తొద్దు. ఇన్నేళ్ళు వేడి తిన్న ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, మూలల్లో ఠక్కున విరుగుతుంది. మెత్తటి బ్రష్షు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు తుడువు. కవచాన్ని సబ్బునీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టు. సీఆర్2032 బ్యాటరీ కూడా అప్పుడే మార్చెయ్.

సీపీయూ పక్కన చిన్న ఫ్యాను పెట్టే చోటు ఉంటుంది. పక్కకి ఊదే టవర్ కూలర్ వాడితే అక్కడ పలచటి ఫ్యాను తప్పకుండా పెట్టు. రంధ్రాల మధ్య దూరం కొలిచాకే కొను.

చిత్తూరు_సోల్డర్:
పైన చెప్పింది నిజం. మా వైపు గ్రానైట్ పొడి ఇంకా మొండిది, ఫ్యాను బేరింగులు అరిగి కరకరమంటాయి. గాలి లోపలికొచ్చే ప్రతి చోటా సన్నటి నైలాన్ వల ఉండాల్సిందే.

‘మిలిటరీ గ్రేడ్’ అన్న ముద్ర గురించి ఒక మాట. ఎంఎస్‌ఐ ‘మిలిటరీ క్లాస్’ బోర్డులు చెప్పుకున్న ఎంఐఎల్-ఎస్‌టీడీ-810జీ అనేది వేడి, తేమ, అదురు, కుదుపు లాంటివాటికి పరీక్షా పద్ధతుల పుస్తకం. ఏ పరీక్ష, ఎంత తీవ్రతతో చెయ్యాలన్నది వస్తువుని బట్టి ఎంచుకుంటారు. ముద్ర ఉందంటే ఆ బోర్డుని సైన్యం వాడుతోందని కాదు. అయినా సాలిడ్ కెపాసిటర్లు, టాంటలం కెపాసిటర్లు, మంచి చోకులు (కరెంటుని నిలకడగా ఉంచే చుట్టలు) నిజంగా వాడారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ బోర్డులు బతికున్నాయంటే వాటి పుణ్యమే. సాలిడ్ కెపాసిటర్ తల ఉబ్బడం అరుదు కాబట్టి చూపుతో నమ్మొద్దు. 5 వోల్టుల స్టాండ్‌బై లైన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య షార్ట్ ఉందేమో మల్టీమీటర్‌తో చూసి, ఆ తర్వాతే పవర్ ఇవ్వు. పాత పవర్ సప్లై మాత్రం వద్దు, కొత్తదే తీసుకో.

లుక్కు కోసమే చేసినవి వేరే ఉన్నాయి. గిగాబైట్ జీ1.అసాసిన్ హీట్‌సింక్ తుపాకీ మ్యాగజైన్ ఆకారంలో, ఎంఎస్‌ఐ బిగ్ బ్యాంగ్ ఎక్స్‌పవర్ 2ది గాట్లింగ్ తుపాకీలా ఉంటాయి. చూడ్డానికి భలే ఉంటాయి గానీ, ఆకారం కోసం రెక్కలు తగ్గితే చల్లార్చే ఉపరితలమూ తగ్గుతుంది. అలాంటి బోర్డు దొరికితే దాని మీదికి గాలి తగిలేలా ఒక ఫ్యాను తిప్పి పెట్టాలి. నీ ర్యామ్‌కి జోడీ కావాలంటే జీ.స్కిల్ స్నైపర్ వెతుకు. దాని హీట్ స్ప్రెడర్ రైఫిల్ ఆకారంలోనే ఉంటుంది, ఈ కవచం పక్కన బాగా కుదురుతుంది.

రేణిగుంట_రిగ్:
ఎల్‌ఎస్‌పీసీఐలో రెవ్ 05 వచ్చింది, థాంక్సన్నా. క్యాబినెట్‌కి కోర్సెయిర్ సీ70 వెతికాను, ఎక్కడా లేదు. మామూలు నల్ల ఇనప క్యాబినెట్ ఉంది, రంగు వెయ్యొచ్చా?

ఆలివ్_గ్రీన్:
వెయ్యొచ్చు. 2012లో వచ్చిన సీ70 మిలిటరీ గ్రీన్ కూడా మందుగుండు పెట్టె తీరే కదా: పైన ఇనప పిడులు, పక్కన కొక్కేల తలుపులు. ఆ పిడులు నువ్వూ పెట్టుకోవచ్చు. రేకు పలచన కాబట్టి లోపలివైపు వెడల్పాటి వాషర్లో, ఒక ఇనప పట్టీయో వేసి బిగించు, లేకపోతే ఎత్తినప్పుడు రేకు వంగిపోతుంది. రంధ్రాలు కొట్టేది బోర్డు పెట్టకముందే. ఒక్క ఇనప రజను బోర్డు కింద ఇరుక్కున్నా షార్టే.

రంగుకి 400 మిల్లీలీటర్ల స్ప్రే డబ్బాలు: ప్రైమర్ ఒకటి, మ్యాట్ ఆలివ్ రెండు, మ్యాట్ క్లియర్ ఒకటి. ప్యానెళ్ళు విప్పి 400 నంబర్ గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచెయ్. జిడ్డు మిగిలితే రంగు చేపకళ్ళలా విడిపోతుంది. బోర్డుని ఆనించే స్టాండాఫ్ దిమ్మెలకీ, స్క్రూ మరలకీ టేపు వెయ్యి, అక్కడ ఇనుము తగలాలి, గ్రౌండింగ్ దాన్నుంచే. అడుగు దూరం నుంచి పలచగా, పొర పొరకీ పావుగంట ఆగి మూడు పొరలు కొట్టు. తిరుపతి మే నెల మధ్యాహ్నం కొడితే రంగు గాల్లోనే ఎండిపోయి ఇసకలా గరుకు తేలుతుంది. నవంబరు ముసురులో కొడితే తెల్లగా పాలిపోతుంది. పొద్దున ఏడు, తొమ్మిది మధ్య నీడలో మంచిది.

మచ్చల డిజైన్ కావాలంటే ముందు లేత రంగు, దాని మీద ముదురు. అట్టని ఆకుల ఆకారంలో కత్తిరించి, రేకుకి అంటించకుండా అంగుళం పైన పట్టుకుని కొడితే అంచులు మెత్తగా వస్తాయి. మన సైన్యం 2022లో తెచ్చిన డిజిటల్ డిజైన్ జోలికి మాత్రం పోవద్దు. అది వాళ్ళ పేరున రిజిస్టర్ అయి ఉంది, యూనిఫాం మర్యాద అది. 1980ల నాటి అడవి మచ్చలే ఈ బోర్డుకి చక్కగా నప్పుతాయి.

అంతా అయ్యాక వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం మూడు రోజులు, లోపల సామాను ఏదీ బిగించొద్దు. సగం ఆరిన రంగుకి ప్యానెల్ అతుక్కుంటే విప్పేటప్పుడు పొరలుగా లేచొస్తుంది.