మెయిన్ పంపు, ఇంజిన్: డీలర్ వర్క్‌షాప్‌లో విప్పి బాగుచేయాలా, ఎక్స్ఛేంజ్ తెచ్చి బిగించాలా?

ఫోర్‌మన్:

ఎక్స్‌కవేటర్ మెయిన్ పంపు (బూమ్, బకెట్లను కదిలించే ఆయిల్‌ను ఒత్తిడితో తోసే హైడ్రాలిక్ పంపు) గానీ, డోజర్ ఇంజిన్ గానీ వర్క్‌షాప్‌కు వచ్చినప్పుడు మన ముందు రెండు దారులు ఉంటాయి. విప్పి, కొలిచి, అరిగిన భాగాలు మార్చి తిరిగి బిగించడం ఒకటి. పాతదాన్ని కోర్‌గా, అంటే పునర్నిర్మాణానికి పనికొచ్చే పాత భాగంగా, వెనక్కి పంపి, ఫ్యాక్టరీలో పునర్నిర్మించిన దాన్ని తెచ్చి అమర్చడం రెండవది, దీన్నే ఎక్స్ఛేంజ్ అంటాం. ఈ రెండవ దారి నిన్నమొన్నటిది కాదు. క్యాటర్‌పిల్లర్ సంస్థ 1973లోనే దీన్ని ప్రారంభించింది. నా అభ్యంతరం దాని నాణ్యత మీద కాదు. ఎక్స్ఛేంజ్ అలవాటైన వర్క్‌షాప్‌లో పాత భాగం ఎందుకు పోయిందో ఎవరూ చూడరు, ఆ కారణం యంత్రంలోనే మిగిలిపోతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. వెట్ లైనర్ (పిస్టన్ చుట్టూ ఉండే సిలిండర్ గొట్టం, దీని బయటివైపు ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ తగులుతుంది) ఉన్న ఇంజిన్‌లో పిస్టన్ పక్కకు ఒరిగి కొట్టినప్పుడల్లా లైనర్ కంపిస్తుంది. ఆ కంపనానికి బయటివైపు కూలెంట్‌లో బుడగలు పుట్టి, పగిలి, లోహాన్ని సూదిమొన లాంటి గుంటలుగా తినేస్తాయి. కూలెంట్‌లో ఉండవలసిన నైట్రైట్ వంటి రక్షక రసాయనం తగ్గిపోయినప్పుడు ఇది వేగంగా జరుగుతుంది. లైనర్ బయటకు లాగి, పిస్టన్ ఒత్తిడి పడే వైపు తిప్పి చూస్తే ఇదంతా కంటికి కనిపిస్తుంది. ఇంజిన్‌ను యథాతథంగా కోర్ కింద పంపించేస్తే, కొత్తగా వచ్చిన ఇంజిన్‌లో కూడా అదే నిర్లక్ష్యంతో కూలెంట్ పోస్తారు. బేరింగ్ షెల్స్ (క్రాంక్‌షాఫ్ట్ తిరిగే చోట ఉండే సన్నని లోహపు తొడుగులు) కూడా అంతే. అన్నీ సమానంగా అరిగాయా, ఒక్కటే కాలిందా, పై పొరలో ఇసుక రేణువులు దిగబడ్డాయా అన్నదాన్ని బట్టి ఆయిల్‌దా, ఎయిర్ ఫిల్టర్‌దా, బోర్ వంకరదా తప్పు అన్నది తెలుస్తుంది.

సర్వీస్ మేనేజర్:

ఫోర్‌మన్ గారి వాదన ఇంజిన్ వరకు ఒప్పుకుంటాను గానీ, పంపును ఆ మాటల్లో కలిపేయడం సరికాదు. పిస్టన్ పంపులో వాల్వ్ ప్లేట్‌కూ, తిరిగే సిలిండర్ బ్లాక్‌కూ మధ్య ఆయిల్ పొర కొన్ని మైక్రాన్ల మందమే ఉంటుంది. ఐఎస్‌ఓ 4406 (ఆయిల్ శుభ్రతకు అంతర్జాతీయ ప్రమాణం) లెక్కలో 18/16/13 శుభ్రత కావాలంటే, ఒక మిల్లీలీటరు ఆయిల్‌లో 4 మైక్రాన్లకు పైబడిన రేణువులు 2,500, 6 మైక్రాన్లకు పైబడినవి 640, 14 మైక్రాన్లకు పైబడినవి 80 మించకూడదు. డ్రమ్ములోంచి నేరుగా తీసిన కొత్త ఆయిల్ కూడా చాలాసార్లు ఈ స్థాయికి అందదు. అలాంటిది, ఒక పక్క ట్రాక్ ఫ్రేమ్‌కు వెల్డింగ్, ఇంకో పక్క బకెట్ పళ్లకు గ్రైండింగ్ జరుగుతున్న షెడ్డులో, మామూలు బల్ల మీద పంపు విప్పుతామంటే నేను సంతకం పెట్టను. బిగించిన తర్వాత దాన్ని 350 బార్ ఒత్తిడి వరకు లోడు చేసి, ఫ్లో కొలిచే టెస్ట్ బెంచ్ ఎన్ని వర్క్‌షాపుల్లో ఉంది? బెంచ్ లేకపోతే కస్టమర్ యంత్రమే మనకు బెంచ్ అవుతుంది.

పైగా విప్పాక గానీ అసలు సంగతి బయటపడదు. క్రాంక్‌షాఫ్ట్ గ్రైండింగ్‌కు వెళ్లాలనో, బ్లాక్‌కు లైన్ బోరింగ్ (క్రాంక్ కూర్చునే రంధ్రాలను ఒకే వరుసలోకి తెచ్చే పని) కావాలనో అప్పుడు తెలుస్తుంది; మొదట ఇచ్చిన తేదీ, మొదట చెప్పిన అంచనా రెండూ చెల్లకుండా పోతాయి. ఎక్స్ఛేంజ్‌లో ధర ముందే తెలుసు, తేదీ ముందే తెలుసు, వారంటీ రాతపూర్వకంగా ఉంటుంది.

యంత్ర యజమాని:

బిల్లు కట్టేవాడిగా నా మాట కూడా వినండి. ధర ముందే తెలుస్తుందన్న మేనేజర్ గారు కోర్ డిపాజిట్ (పాత భాగం తిరిగి ఇచ్చేదాకా కట్టి ఉంచే సొమ్ము) సంగతి చెప్పలేదు. కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాక్‌ను చీల్చుకొని బయటకు వచ్చిన ఇంజిన్‌ను పూర్తి కోర్‌గా అంగీకరించరు, డిపాజిట్ కోత పడుతుంది లేదా మొత్తం పోతుంది. ఏ పగులు ఉంటే ఎంత కోత అన్న షరతులు కోటేషన్‌తో పాటే ఇవ్వాలి. ఇంకొక సంగతి, అసలు బేరం దారి ఎంచుకోవడంలో కంటే ఇంజిన్‌ను ఎప్పుడు దించుతామన్న దానిలోనే ఉంది. ఆయిల్ శాంపిల్‌లో సిలికాన్, ఇనుము కలిసి పెరుగుతుంటే ఇంజిన్ లోపలికి దుమ్ము చేరుతోందని, సోడియం, పొటాషియం కనిపిస్తే కూలెంట్ కలుస్తోందని ఆ రిపోర్టులు నెలల ముందే చెబుతాయి. ఆ దశలో దించిన ఇంజిన్‌కు బ్లాకూ, క్రాంకూ రెండూ మిగులుతాయి. అప్పుడు మీరు ఏ దారిలో వెళ్లినా నాకు గిట్టుబాటవుతుంది.

పంపుల మెకానిక్:

ఇక్కడ ఇంతవరకు ఎవరూ ఆయిల్ కూలర్ పేరు ఎత్తలేదు. నా ఉద్దేశంలో ఈ చర్చ మొత్తానికి అదే కీలకం.

పంపు లోపల పిస్టన్ షూ (పిస్టన్ చివర జారే పాదం) ఊడినా, వాల్వ్ ప్లేట్ గీసుకుపోయినా, ఇత్తడి పొడి, ఇనుప తునకలు పంపులోనే ఆగవు. కంట్రోల్ వాల్వ్, బూమ్ సిలిండర్లు, స్వింగ్ మోటారు, రిటర్న్ లైను, కూలర్, ట్యాంకు అన్నిటిలోకీ చేరుతాయి. ఆ స్థితిలో ఉన్న యంత్రానికి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పంపు బిగించినా, ఫోర్‌మన్ గారు స్వయంగా బిగించిన పంపు పెట్టినా ఫలితం ఒకటే. కూలర్ సన్నని దారుల్లో ఇరుక్కున్న తునకలు ఆయిల్ వేడెక్కి, ఒత్తిడి మారినప్పుడల్లా కొద్దికొద్దిగా విడివడి వస్తూనే ఉంటాయి. చాలా కూలర్లను లోపల చూసే వీలే ఉండదు కనుక, మార్చేయడమే నయం. హోస్‌లు విప్పి ఒక్కొక్కటీ ఫ్లష్ చేయాలి, ట్యాంకు అడుగు వరకు దిగి తుడవాలి, సిలిండర్లను కనీసం రెండు చివర్లా ఖాళీ చేయాలి, కంట్రోల్ వాల్వ్ స్పూల్స్ (లోపల జారే కడ్డీలు) బయటకు తీసి గీతలు చూడాలి. కొత్త పంపు కేసులో ఆయిల్ నింపకుండా స్టార్ట్ చేస్తే మొదటి నిమిషంలోనే షూలు పొడిగా రాసుకుపోతాయి. తర్వాత తక్కువ ఆర్‌పీఎమ్‌లో తిప్పి గాలి వెళ్లనిచ్చి, రిటర్న్ ఫిల్టర్ మార్చి, కొన్ని గంటలు నడిచాక మళ్లీ మార్చి కోసి చూడాలి. రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి హద్దు దాటకుండా ఆపే వాల్వ్) సెట్టింగు కొలవాలి. దాన్ని ఎవరైనా బలం తగ్గిందని పైకి బిగించి ఉంటే పాత పంపును చంపింది ఆ చేయే కావచ్చు.

ఇక కేస్ డ్రెయిన్ ఫ్లో (పంపు లోపల లీకై బయటకు వచ్చే ఆయిల్) కొలవకుండానే, బూమ్ నెమ్మదిగా లేస్తోందన్న ఒక్క ఫిర్యాదు మీద పంపు దించే వర్క్‌షాపులను చూశాను. పైలట్ ప్రెషర్ (కంట్రోల్ వాల్వ్‌ను కదిలించే చిన్న ఒత్తిడి) లోపం వల్ల నెమ్మదించిన యంత్రానికి పంపు మారిస్తే బాగుపడేది ఎవరన్నది అందరికీ తెలుసు.

సర్వీస్ మేనేజర్:

మెకానిక్ గారు చెప్పిన పని అంతా అవసరమే, కాదనను. కానీ కూలర్, ఫ్లషింగ్ అని కోటేషన్‌లో రాస్తే కస్టమర్ మొదట కొట్టేసే వరుసలు అవే. పంపు తీసి పంపు పెట్టడానికి ఇంత లేబర్ ఎందుకని అడుగుతారు. అందుకే ఆ పని చేయనివ్వని చోట పంపు వారంటీ వర్తించదని జాబ్ కార్డు మీదే రాయించడం మొదలుపెట్టాము.

యంత్ర యజమాని:

కొట్టేసేది నిజమే. ఎందుకంటే ఆ వరుస పక్కన కారణం ఉండదు. పాత ఫిల్టర్‌ను కోసి, మడతలు విప్పి, అందులోని లోహాన్ని తెల్ల గుడ్డ మీద పరిచి ఫోటో పంపండి. ఎవరూ ఆ వరుసను కొట్టివేయరు.

ఫోర్‌మన్:

పంపు విషయంలో నా మాట సవరించుకుంటాను. విడి గది, టెస్ట్ బెంచ్ లేని వర్క్‌షాప్ పంపును విప్పి కారణం చూడవలసిందే గానీ, తిరిగి నిర్మించే పని పెట్టుకోకూడదు. విప్పి చూస్తే కోర్ విలువ తగ్గుతుందా లేదా అన్నది ముందు పార్ట్స్ విభాగంతో తేల్చుకోవాలి. ఇంజిన్‌లో ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లకు కూడా ఇదే న్యాయం.

ఇంజిన్ మాత్రం ఇక్కడే ఉండాలంటాను, కొలతలు రాసి ఇచ్చే క్రమశిక్షణ ఉన్నప్పుడు. క్రాంక్ జర్నల్ (బేరింగులో తిరిగే భాగం) 0.25 మిల్లీమీటర్లు తగ్గించి గ్రైండ్ చేయించినా, గ్రైండింగ్‌కు ముందూ తర్వాతా మాగ్నెటిక్ పరీక్షతో పగుళ్లు చూడాలి. మూల వంపు వ్యాసార్థం చెడగొట్టిన గ్రైండింగ్ క్రాంక్‌ను అక్కడే విరుస్తుంది. లైనర్‌ను క్లాంప్ చేసి, డెక్ (బ్లాక్ పై తలం) మీద ఎంత ఎత్తు నిలిచిందో డయల్ గేజ్‌తో నాలుగు చోట్ల చూడాలి. అది తక్కువైతే హెడ్ గాస్కెట్ నిలవదు. ఈ అంకెలన్నీ యజమాని గారికి ఇచ్చే కాగితంలో ఉండాలని నేను కూడా కోరుతున్నాను.

ఫైనల్ డ్రైవ్‌కు (ట్రాక్‌ను తిప్పే చివరి గేర్ల పెట్టెకు) సైతం ఎక్స్ఛేంజ్ తెప్పించడం ఈమధ్య చూస్తున్నాను, అది మాత్రం నాకు మింగుడుపడదు. బేరింగును 110 డిగ్రీల దగ్గర వేడిచేసి కూర్చోబెట్టడం, షిమ్‌లతో (పలుచని లోహపు బిళ్లలతో) ప్రీలోడ్ (బేరింగు మీద ముందే ఉంచే బిగువు) తెచ్చి రోలింగ్ టార్క్ కొలవడం, ఫేస్ సీల్ రెండు లోహపు రింగులను వేలి ముద్ర పడకుండా, రబ్బరు మెలిక పడకుండా అమర్చడం, ఇవి ఏ డీలర్ వర్క్‌షాప్‌లోనైనా చేయగలిగిన పనులు. కొత్తగా చేరిన కుర్రాళ్లు పని నేర్చుకునేది కూడా ఇక్కడే. మేనేజర్ గారికి దీని మీద వేరే అభిప్రాయం ఉంటే, సీల్ లీకుతో వచ్చిన ఫైనల్ డ్రైవ్‌కు ఎక్స్ఛేంజ్ ఎందుకు చౌక అవుతుందో లేబర్ గంటలతో లెక్క వేసి ఇక్కడే రాయమని కోరుతున్నాను.