31వ వారం, బేబీ గ్రోత్ తక్కువ, డాప్లర్‌లో (రక్త ప్రవాహం చూసే స్కాన్) తేడా అన్నారు. హార్ట్‌బీట్ మాత్రం నార్మలే. ఎవరికైనా ఇలా అయిందా?

గాజువాక_కోడలు:
నిన్నటి స్కాన్‌లో బేబీ బరువు పదో పర్సంటైల్ కంటే తక్కువ (అదే వారంలో ఉన్న వందమంది బిడ్డల్లో చివరి పదిమందిలో అన్నమాట), బొడ్డుతాడు డాప్లర్‌లో రెసిస్టెన్స్ ఎక్కువ అని రాశారు. హార్ట్‌బీట్ 142. గుండె బాగానే కొట్టుకుంటోంది కదా, ఇంకో రెండు గుడ్లు తిను, అంతా సర్దుకుంటుంది అంటారు మా అత్తగారు. డాక్టరమ్మేమో ఎల్లుండి మళ్లీ రమ్మన్నారు. గుండె బాగుంటే ఇన్ని స్కాన్లు దేనికండీ?

పెందుర్తి_అమ్మ:
మా పాపకీ అంతే, బీట్ ఎప్పుడు చూసినా 140 దరిదాపుల్లోనే. 110 నుంచి 160 వరకు నార్మలే గానీ ఆ ఒక్క అంకె చూసి నిమ్మళంగా ఉండకూడదట. మా డాక్టర్ స్క్రీన్ తిప్పి చూపించారు: అలలు అలలుగా వస్తాయి కదా, రెండు అలల మధ్య పల్లంలో కూడా రక్తం మాయవైపు పోతూనే ఉండాలి, మాకు అక్కడ అల అడుగు గీతకి ఆనేసింది, అంటే ఆ కాసేపు ప్రవాహం లేనట్టే. అదే అడుగు గీత కంటే కిందకి దిగితే రక్తం వెనక్కి తంతున్నట్టు, అది ఇంకా సీరియస్. ఆ రోజే అడ్మిషన్, బిడ్డ ఊపిరితిత్తుల కోసం 24 గంటల తేడాతో రెండు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, రోజూ ఎన్‌ఎస్‌టీ (బిడ్డ గుండె వేగాన్ని కాసేపు గీతగా తీసే పరీక్ష). 33వ వారంలో ఆపరేషన్ చేశారు, కొన్నాళ్లు ఎన్‌ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ). ఇప్పుడు ఇల్లు పీకి పందిరేస్తోంది.

మద్దిలపాలెం_సిస్టర్ (రిటైర్డ్ స్టాఫ్ నర్సు):
గుడ్లు తినమ్మా, మంచిదే, కానీ మాయ సరిగా పనిచేయకపోతే తిండితో అది బాగుపడదు. ఆక్సిజన్ చాలనప్పుడు బిడ్డ మెదడుకీ గుండెకీ రక్తం ఎక్కువ మళ్లించుకుని మిగతా ఒంటికి తగ్గించుకుంటుంది. అందుకే మెదడు రక్తనాళం డాప్లర్ కూడా చూస్తారు, అక్కడ రెసిస్టెన్స్ తగ్గిందంటే ఆక్సిజన్ చాలక బిడ్డ అలా నెట్టుకొస్తోందని అర్థం. గుండెకి దగ్గర్లో డక్టస్ వీనోసస్ అని ఓ సిర ఉంటుంది, అందులో ప్రవాహం దెబ్బతింటే గుండె మీద భారం పడుతున్నట్టే, ఇక కాన్పు చేయడానికి ఎక్కువ ఆగరు. ఎన్‌ఎస్‌టీలో కూడా ఎంత కొట్టుకుంటోంది అన్నదొక్కటే కాదు, పైకీ కిందకీ ఆడుతోందా అని చూడాలి. 32 వారాల లోపు కనీసం 10 బీట్లు పెరిగి 10 సెకన్లు నిలిస్తే చాలు, ఆ తర్వాత 15 బీట్లు, 15 సెకన్లు. అంకె 140 ఉన్నా గీత చదునుగా పోతుంటే నాకు భయమే. నీ బీపీ కూడా చూపించుకో, బీపీ పెరగడం, బిడ్డ ఎదుగుదల తగ్గడం తరచూ కలిసే వస్తాయి.

సీతమ్మధార_నాన్న:
మాకు ఒక స్కాన్ సెంటర్‌లో 'డాప్లర్ నార్మల్' అని ఒక్క ముక్క రాసిచ్చారు, అంకెల్లేవు, బొమ్మల్లేవు. డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. రెండో చోట పోల్చడానికి ఏమీ లేక మళ్లీ మొదట్నుంచి చేయించాం. పీఐ, ఎస్/డీ వాల్యూలు (రక్తనాళంలో రెసిస్టెన్స్ ఎంతో చెప్పే అంకెలు) అడిగి రాయించుకోండి. ఇంకోటి, ముందే పుట్టే బిడ్డకి వెంటిలేటర్ ఉన్న ఎన్‌ఐసీయూ కావాలి. పుట్టాక అంబులెన్స్‌లో కేజీహెచ్‌కి (వైజాగ్ పెద్ద ప్రభుత్వాసుపత్రి) పరిగెత్తేకన్నా అలాంటి సౌకర్యం ఉన్నచోటే కాన్పు పెట్టుకోవడం మేలు.

గాజువాక_కోడలు:
థాంక్స్ అండీ. రిపోర్ట్ మళ్లీ చూశాను, ఫ్లో తగ్గింది గానీ పల్లంలో ఇంకా ఉందనే రాశారు. కదలికలు సాయంత్రం బాగున్నాయి, పొద్దున కొంచెం తక్కువ అనిపించింది.

మద్దిలపాలెం_సిస్టర్:
తక్కువ అనిపిస్తే ఎల్లుండి దాకా ఆగకు తల్లీ. ఇప్పుడే డాక్టర్‌కి ఫోన్ చేసి వెళ్లి ఎన్‌ఎస్‌టీ పెట్టించుకో.