2,000 కిలోమీటర్ల కాలినడకకు సిద్ధం కావడానికి 6 నెలల సమయం సరిపోతుందా?

ప్రశ్న:
సభ్యులకు నమస్కారం. దేశానికి ఒక చివర నుంచి మరో చివర వరకు దాదాపు 2,000 కిలోమీటర్లు ఒంటరిగా నడవాలని సంకల్పించుకున్నాను. బయలుదేరడానికి ఇంకా 6 నెలల గడువు ఉంది. ప్రస్తుతం రోజూ 5 కిలోమీటర్లు ఆయాసం లేకుండా నడుస్తున్నాను కనుక, మొదటి రోజు నుంచే 30 కిలోమీటర్ల చొప్పున నడవగలనని అనుకుంటున్నాను. ఈ లెక్క సరైనదేనా? నా వయసు 46.

మొదటి సమాధానం:
6 నెలలు సరిపోతాయి గాని, మొదటి రోజు నుంచే 30 కిలోమీటర్లు మాత్రం వద్దు. ఆయాసం రాలేదు కాబట్టి శరీరం సిద్ధంగా ఉందని అనుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే శ్రమకు అలవాటుపడతాయి. ఎముకలకు, కీళ్ల బంధనాలకు నెలలు పడుతుంది. ఆ తేడాను గమనించకుండా దూరం పెంచితే పాదాల ఎముకల్లోనో, మోకాలి కింది ఎముకలోనో సన్నని పగుళ్లు ఏర్పడవచ్చు. ఎముకపై ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి పుడుతూ, నడిచేకొద్దీ అది పెరుగుతుంటే, నడక ఆపి వైద్యుని కలవండి. వారానికి నడిచే మొత్తం దూరాన్ని సుమారు పదో వంతుకు మించకుండా పెంచుతూ, మూడు నాలుగు వారాలకు ఒకసారి తగ్గించండి. చివరి రెండు నెలలు ప్రయాణంలో మోయబోయే సంచితోనే, వేసుకోబోయే బూట్లతోనే వరుసగా రెండేసి రోజులు నడవండి, ఎందుకంటే అలసిన కాళ్లతో రెండో రోజు ఎలా నడుస్తామన్నదే అసలు పరీక్ష. సంచి బరువు మీ బరువులో ఐదో వంతు దాటకూడదు. ఇంకా తక్కువైతే మరీ మంచిది.

దూరం నడిస్తే పాదాలు ఉబ్బుతాయి కనుక బూట్లను సాయంత్రం పూట, మందపాటి మేజోళ్లతో చూసి, బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ ఉండేలా కొనండి. నూలు మేజోళ్లు చెమటను పట్టి ఉంచి బొబ్బలకు కారణమవుతాయి. ఉన్నివి గాని, చెమట త్వరగా ఆరే సింథటిక్‌వి గాని వాడండి. నా తొలి సుదూర నడకలో మడమ దగ్గర వేడిగా అనిపించినా, గమ్యం దగ్గరపడిందని ఆగలేదు. ఆ బొబ్బ చీము పట్టి తొమ్మిది రోజులు కదలలేకపోయాను. చర్మం చురుక్కుమన్న క్షణానే ఆగి అక్కడ టేపు అంటించండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఎండలో గంటకు ఒక లీటరు నీరు తప్పనిసరిగా తాగమని ఒకరు చెప్పారు. అది క్షేమమేనా?

రెండో సమాధానం:
అందరికీ వర్తించే నియమంగా అది ప్రమాదకరం. గంటల తరబడి చెమట కారుస్తూ ఉత్త నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, అయోమయం కలుగుతాయి. వీటిని నీరు చాలకపోవడం వల్ల వచ్చిన లక్షణాలుగా భ్రమించి మరింత తాగితే ప్రాణం మీదికి వస్తుంది. దాహాన్ని బట్టి తాగుతూ, ఉప్పు ఉన్న ఆహారం తినండి. బాగా చెమట పట్టిన రోజున పొట్లంపై రాసినంత నీటిలో కలిపిన ఓఆర్‌ఎస్ తీసుకోండి. రక్తపోటు, మూత్రపిండాల సమస్యలు ఉంటే ముందే వైద్యుని అడగండి. మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ: వెంటనే నీడకు చేరి, ఒంటిని తడిపి, అత్యవసర సహాయం కోరాలి. ఒంటరిగా ఉన్నవారికి ఆ స్థితిలో ఫోను చేసే తెలివి కూడా ఉండకపోవచ్చు కనుక, ప్రతి సాయంత్రం నిర్ణీత సమయానికి ఒకే వ్యక్తికి మీరున్న చోటు తెలియజేయండి. ఆ కబురు రాకపోతే ఎంతసేపు ఆగి, ఎవరికి ఫోను చేయాలో వారికి ముందే రాసి ఇవ్వండి.