మన జట్టే ఫైనల్‌కు వెళ్లింది, అయినా ఓడిపోవాలనిపిస్తోంది: తిరుపతిలో ఈ మాట పైకి అనవచ్చా?

ప్రశ్న: అలిపిరి వీక్షకుడు (తిరుపతి), 2024 మే 25

నిన్న చెన్నైలోని చెపాక్‌లో రాజస్థాన్ రాయల్స్‌ను 36 పరుగుల తేడాతో ఓడించి సన్‌రైజర్స్ హైదరాబాద్ ఐపీఎల్ ఫైనల్‌కు చేరింది. రేపు రాత్రి అదే మైదానంలో కోల్‌కతాతో ఆడుతుంది. మా కార్యాలయంలో ఒక సహోద్యోగి ఇంటి మేడ మీద తెర కట్టి అందరూ కలిసి చూడాలని నిర్ణయించారు. నారింజ రంగు చొక్కాలు తెప్పించి నాకూ ఒకటి ఇచ్చారు. నేను తీసుకున్నాను గానీ, కోల్‌కతా గెలవాలని నాకు మనసులో ఉందన్న సంగతి వారెవరికీ చెప్పలేదు. ఇద్దరు ముగ్గురు మాత్రం పసిగట్టి, "తెలుగువాడివై ఉండి ఇదేం బుద్ధి?" అని నవ్వుతూనే అడిగారు. ఆ నవ్వు వెనక కొంత నిజమైన చిరాకు కూడా ఉందని నాకు అనిపించింది.

చెన్నై జట్టు ప్లేఆఫ్‌కు చేరకుండానే వెనుదిరిగింది కాబట్టి ఆ ఉక్రోషంతో మాట్లాడుతున్నానని వారు అనుకుంటున్నారు. నేను ఎప్పుడూ చెన్నై అభిమానిని కాను. 2009లో దక్కన్ ఛార్జర్స్ దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచినప్పుడు పొంగిపోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అంతకు ముందు ఏడాది పట్టికలో అట్టడుగున నిలిచిన జట్టు అది, పైగా అందులో లక్ష్మణ్, వేణుగోపాలరావు, తిరుమలశెట్టి సుమన్ వంటి మనవాళ్లు కనిపించేవారు. 2012లో ఆ జట్టు రద్దయింది. దాని స్థానంలో వచ్చిన సన్‌రైజర్స్‌ను కూడా నేను దూరం పెట్టలేదు, 2016లో డేవిడ్ వార్నర్ 848 పరుగులు చేసి దాదాపు ఒంటిచేత్తో కప్పు తెచ్చినప్పుడు మళ్లీ పొంగిపోయాను.

నా మనసు విరిగింది 2021లో. అదే వార్నర్‌ను సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తప్పించి, తరవాత తుది జట్టులోనే చోటు లేకుండా చేసి, చివరికి వదిలేశారు. సీజన్‌లో అందరికంటే ఎక్కువ పరుగులు చేసినవాడికి ఇచ్చే ఆరెంజ్ క్యాప్‌ను మూడుసార్లు తెచ్చినవాడిని సాగనంపే పద్ధతి అదేనా అని అప్పట్లోనే అనుకున్నాను. ఆ ఏడాది వేలంలో స్థానిక ఆటగాళ్లను పట్టించుకోలేదని హైదరాబాద్ ఎమ్మెల్యే ఒకరు బహిరంగంగా ప్రశ్నించారు కూడా. హైదరాబాద్ కుర్రాడు సిరాజ్‌ను 2017లో 2.6 కోట్లకు కొని, మరుసటి ఏడాదికి బెంగళూరుకు పోనిచ్చారు. తిలక్ వర్మను 2022లో 1.7 కోట్లకు ముంబై పట్టుకుపోయింది. ఇక ఈ ఏడాది 277, 287 అంటూ కొడుతున్న స్కోర్లను అందరూ మెచ్చుకుంటున్నారు గానీ, బౌలర్ అనేవాడు బంతులు అందించే యంత్రంగా మారిపోయిన ఆట నాకు రుచించడం లేదు.

నా సందేహం రెండు భాగాలుగా ఉంది. చుట్టూ ఉన్నవాళ్లంతా మనది అంటున్న జట్టు ఓడిపోవాలని కోరుకోవడంలో తప్పేమైనా ఉందా? రేపు ఆ మేడ మీదికి నేను వెళ్లడం సముచితమేనా?

జవాబు: కౌండిన్య తీరం (పలమనేరు), మే 25

మీ బాధ చిన్నది, నాది వినండి. హైదరాబాద్ పేరు మీద ఇప్పటిదాకా రెండు ఐపీఎల్ కప్పులు వచ్చాయి. 2009లో ఛార్జర్స్ గెలిచింది బెంగళూరు మీద, ఆరు పరుగుల తేడాతో. 2016లో సన్‌రైజర్స్ గెలిచిందీ బెంగళూరు మీదే, ఎనిమిది పరుగుల తేడాతో, అదీ చిన్నస్వామి స్టేడియంలోనే. ఆ రెండో ఫైనల్‌లో 209 పరుగుల లక్ష్యానికి గేల్, కోహ్లీ మొదటి వికెట్‌కే 114 జోడించి ఇచ్చిన తరవాత కూడా మా జట్టు ఓడిపోయింది. పదిహేడు సీజన్లుగా ఒక్క కప్పూ లేని జట్టుకు అభిమానిగా, ఆ రెండు రాత్రులూ మా పలమనేరులో టపాసులు కాల్చిన తెలుగువాళ్లను చూసినవాడిగా చెబుతున్నాను, సన్‌రైజర్స్ ఓడిపోవాలని కోరుకోవడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మీరు "మన జట్టు" అన్న మాటను ముందే ఒప్పేసుకుని తరవాత బాధపడుతున్నారు. తిరుపతి నుంచి చెన్నైకి సుమారు 140 కిలోమీటర్లు, హైదరాబాద్‌కు 550 కిలోమీటర్లకు పైమాటే. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి చెన్నైలో ఉంటారు, హైదరాబాద్ వెళ్లాలంటే నారాయణాద్రిలోనో పద్మావతిలోనో రాత్రంతా పడుకోవాలి. మా పలమనేరు, కుప్పం వైపు వాళ్లకు ఆస్పత్రి అయినా ఉద్యోగమైనా బెంగళూరే. అంతెందుకు, 2014 విభజన చట్టం ప్రకారం హైదరాబాద్ మనకు ఉమ్మడి రాజధానిగా ఉండే పదేళ్ల గడువు వచ్చే జూన్ 2తో ముగిసిపోతోంది. ఫైనల్ అయిన వారానికే ఆ కాగితం మీది బంధం కూడా తీరిపోతుంది కాబట్టి నిశ్చింతగా ఉండండి.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు (చిత్తూరు), మే 25

పలమనేరు వారు కిలోమీటర్ల లెక్క చెప్పారు, బాగానే ఉంది. కానీ అభిమానం దూరాన్ని బట్టి పుట్టేదైతే ఏప్రిల్ 5న ఉప్పల్ స్టేడియంలో జరిగినదానికి వివరణ దొరకదు. ఆ రాత్రి హైదరాబాద్ సొంత మైదానంలో, హైదరాబాద్ ప్రేక్షకుల మధ్య, ధోనీ బ్యాటింగ్‌కు నడిచి వస్తుంటే లేచిన హోరు అంత పెద్దది తాను ఎప్పుడూ వినలేదని సన్‌రైజర్స్ కెప్టెన్ కమిన్సే అన్నాడు. ఆ ప్రేక్షకులను ఎవరూ ద్రోహులని అనలేదు. కనుక తిరుపతిలో కూర్చుని కోల్‌కతా గెలవాలనుకున్నంత మాత్రాన మీ తెలుగుతనానికి వచ్చే లోటు ఏమీ లేదు. మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం ఇంతే.

అయితే మీరు చూపిన కారణాలతో నేను ఏకీభవించలేకపోతున్నాను. వార్నర్ విషయంలో గానీ వేలం విషయంలో గానీ మీ కోపమంతా యాజమాన్యం మీద ఉంది. రేపు ఓడిపోతే తల దించుకుని నడవవలసిన వాళ్లలో ఆ నిర్ణయాలతో ఏ సంబంధమూ లేని ఆటగాళ్లే ఎక్కువమంది. తెలుగు ఆటగాళ్లు లేరని వాపోతున్న మీరు, విశాఖపట్నం నుంచి వచ్చిన నితీశ్ కుమార్ రెడ్డి పేరును ఎక్కడా ప్రస్తావించకపోవడం నాకు వింతగా తోచింది. కనీస ధర 20 లక్షలకు వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాడు, ఏప్రిల్ 9న పంజాబ్ మీద జట్టు కుప్పకూలుతున్న వేళ 37 బంతుల్లో 64 పరుగులు చేస్తే, చివరికి ఆ మ్యాచ్ రెండు పరుగుల తేడాతో మన చేతికి వచ్చింది. మే 2న రాజస్థాన్ మీద 76 పరుగులతో అజేయంగా నిలిచాడు, ఆ మ్యాచ్‌లో తేడా ఒక్క పరుగు. మీరు కోరుకున్నది ఇన్నాళ్లకు ఎదురుగా ఆడుతుంటే అలిగి మొహం తిప్పుకోవడం ఏమి న్యాయం?

287 పరుగుల మీద మీకున్న అసహనంలో మాత్రం కొంత నిజం ఉంది. కానీ దానికి హైదరాబాద్ ఒక్కటే బాధ్యురాలు కాదు. మ్యాచ్ మధ్యలో ఒక ఆటగాడిని మార్చుకోనిచ్చే ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన వచ్చాక ప్రతి జట్టుకూ ఎనిమిదో స్థానం దాకా బ్యాటింగ్ ఉంటోంది, పిచ్‌లు చూస్తే సిమెంటు నేలల్లా ఉంటున్నాయి, ఔటవుతామన్న భయం లేనప్పుడు సన్‌రైజర్స్ ఓపెనర్లు హెడ్, అభిషేక్ శర్మ ఢిల్లీ మీద ఆరు ఓవర్లలో 125 పరుగులు చేయడంలో ఆశ్చర్యం ఏముంది?

ఇంకొక్క మాట. హైదరాబాద్ జట్టును 2012లో ఏడాదికి 85.05 కోట్ల చొప్పున కొన్నది చెన్నైలో కేంద్ర కార్యాలయం ఉన్న సన్ టీవీ సంస్థ. చెన్నై దగ్గర కాబట్టి చెన్నైవైపు ఉండాలనుకునే తిరుపతివాళ్లు ఆ లెక్కన సన్‌రైజర్స్‌ను కూడా తమ ఖాతాలోనే వేసుకోవచ్చు.

జవాబు: అలిపిరి వీక్షకుడు, మే 25

మాస్టారికి నమస్కారం. నితీశ్ ఆట నేను చూశాను, పంజాబ్ మ్యాచ్ రోజున చప్పట్లు కూడా కొట్టాను. అతని పేరు రాయకపోవడానికి కారణం ఉంది. ఒక్క కుర్రాడిని చూపించి, దానితో పన్నెండేళ్ల లోటు తీరిపోయిందని చెప్పే ధోరణి ఈ నెలంతా నా చుట్టూ వినిపిస్తోంది. అంబటి రాయుడు గుంటూరులో పుట్టి, హైదరాబాద్‌లో ఆట నేర్చుకుని, ముంబైతో మూడు, చెన్నైతో మూడు కప్పులు అందుకుని రిటైరయ్యాడు. హైదరాబాద్ చొక్కా మాత్రం ఐపీఎల్‌లో ఒక్కసారీ తొడుక్కోలేదు. 2018లో సన్‌రైజర్స్ మీదే అజేయంగా వంద కొట్టాడు. ఆ రోజు నేను ఎవరి పక్షాన ఉండవలసిందో చెప్పగలరా?

ఆటగాళ్ల విషయంలో మీ మాట కాదనలేను. భువనేశ్వర్ చేతిలో కప్పు చూస్తే నాకూ కష్టమేమీ అనిపించదు. అయినా జట్టు అంటే చొక్కా, జెండా, వేలం బల్ల అన్నీ కలిపి ఒకటిగానే నాకు కనిపిస్తున్నాయి, వాటిని విడదీసి ఆటగాళ్లను మాత్రమే ప్రేమించడం నాకు చేతకావడం లేదు. రెండో ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

జవాబు: తిరుచానూరు గృహిణి, మే 26

ఆ రెండో ప్రశ్నకు నేను చెబుతాను, ఎందుకంటే మా ఇంట్లో ప్రతి వేసవిలోనూ ఇదే పంచాయితీ. మా వారిది సన్‌రైజర్స్, మా అబ్బాయిది ధోనీ. పోయిన ఏడాది చెన్నై కప్పు గెలిచాక ఆ కప్పును అక్కడి టి.నగర్‌లోని తితిదే ఆలయానికి తీసుకువెళ్లి పూజ చేయించారని తెలిసినప్పటి నుంచి, స్వామివారు కూడా తన పక్షమేనని వాడు వాళ్ల నాన్నతో వాదిస్తూ ఉంటాడు.

నాకు మహిళల ప్రీమియర్ లీగ్ ఇష్టం. అందులో ఉన్నవి ముంబై, ఢిల్లీ, బెంగళూరు, గుజరాత్, యూపీ జట్లు. తెలుగువాళ్లకు అసలు జట్టే లేదు. దానివల్ల నాకు కలిగిన హాయి ఏమిటో చెబితే మీరు నవ్వుతారేమో. ఎవరి పక్షాన ఉండాలో నన్ను ఎవరూ అడగలేదు. మన ఆంధ్ర అమ్మాయి సబ్బినేని మేఘన ఆడుతోందని, స్మృతి మంధాన బ్యాటింగ్ చూడముచ్చటగా ఉంటుందని బెంగళూరును ఎంచుకున్నాను. మార్చి 17న ఢిల్లీని ఎనిమిది వికెట్ల తేడాతో ఓడించి వాళ్లు కప్పు గెలిస్తే, సంతోషపడాలన్న బాధ్యత ఏమీ లేకుండానే సంతోషపడ్డాను. (పలమనేరు అన్నగారు తమ జట్టుకు ఒక్క కప్పూ లేదని రాసినప్పుడు ఈ కప్పు గుర్తుకు రాలేదు కాబోలు.) రేపు తెలుగువాళ్లకూ మహిళల జట్టు ఒకటి వస్తే నా పరిస్థితి కూడా మీలాగే అవుతుందని ఇది చదువుతుంటే అర్థమైంది.

మేడ మీదికి తప్పకుండా వెళ్లండి. పిలిచినవాళ్లు మిమ్మల్ని తోటి ఉద్యోగిగా పిలిచారు, అభిమాన సంఘం సభ్యుడిగా కాదు. ఆ చొక్కా వేసుకోవడం మనసుకు ఒప్పకపోతే మామూలు బట్టలతో వెళ్లండి, అడిగితే ఉన్నమాట చెప్పండి. కానీ సన్‌రైజర్స్ వికెట్ పడినప్పుడు చప్పట్లు కొట్టకండి. ఒక ఇంటి మేడ మీద వాళ్లు పెట్టింది తింటూ, వాళ్లు దిగులుపడే క్షణంలో మనం ఎగిరి గంతేయడం బాగుండదు. కోల్‌కతావాళ్లు మంచి బంతి వేస్తే "మంచి బంతి" అనవచ్చు, దానికి ఎవరూ తప్పుపట్టరు. సన్‌రైజర్స్ గెలిస్తే అందరితో పాటు మిఠాయి తినండి. ఓడిపోతే మాత్రం మొదటగా లేచి వెళ్లిపోకండి, కుర్చీలు సర్దే దాకా ఉండండి.

జవాబు: అలిపిరి వీక్షకుడు, మే 27

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మామూలు బట్టలతోనే వెళ్లాను, ముందుగానే ఉన్నమాట చెప్పాను, కాసేపు ఆటపట్టించి ఊరుకున్నారు.

మొదటి ఓవర్‌లోనే స్టార్క్ వేసిన బంతికి అభిషేక్ ఆఫ్ స్టంప్ ఎగిరిపోయింది. అంత గొప్ప బంతి ఈ సీజన్ మొత్తంలో నేను చూడలేదు, తిరుచానూరు అమ్మగారి సలహా ప్రకారం "మంచి బంతి" అని మాత్రమే అన్నాను. రెండో ఓవర్‌లో హెడ్ తొలి బంతికే ఔటయ్యాడు. అక్కడిదాకా లోపల నాకు ఉత్సాహంగానే ఉంది. తరవాత 18.3 ఓవర్లలో 113 పరుగులకే జట్టంతా ఔటయ్యేసరికి, ఐపీఎల్ ఫైనల్స్‌లోకెల్లా అతి తక్కువ స్కోరు అదేనని తెరమీద చూపించేసరికి, నేను కోరుకున్న ఓటమి ఇది కాదనిపించింది. అత్యధిక స్కోరు కెప్టెన్ కమిన్స్ చేసిన 24. కోల్‌కతా 10.3 ఓవర్లలోనే ముగించేసింది. చివరి ఓవర్ దాకా లాగి ఒక పరుగుతో ఓడిపోయి ఉంటే నా కోరిక తీరిన రుచి తెలిసేది, ఇంత ఏకపక్షంగా ముగిసిన ఆటలో గెలిచినవాళ్ల పక్షాన ఉన్నా చప్పగానే ఉంది. కుర్చీలు సర్దేటప్పుడు కూడా ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు, ఆట అంత తొందరగా అయిపోవడం వల్ల వంట సగం మిగిలిపోయింది.

నితీశ్ 13 పరుగులకే ఔటయ్యాడు గానీ, సీజన్‌లో ఎమర్జింగ్ ప్లేయర్ (వర్ధమాన ఆటగాడు) పురస్కారం అతనికే దక్కింది. మాస్టారూ, ఆ ఒక్క క్షణం మాత్రం మా మేడ మీద నేనూ వాళ్లతో కలిసే చప్పట్లు కొట్టాను.

నా అభిప్రాయంలో మాత్రం మార్పు లేదు. వచ్చే సీజన్‌కు ముందు పెద్ద వేలం జరగనుంది. నితీశ్‌ను అట్టే పెట్టుకుంటారా, సిరాజ్ వేలంలోకి వస్తే ఎంతదాకా పాడతారు, ఆంధ్ర, హైదరాబాద్ రంజీ జట్ల నుంచి ఎంతమందిని తీసుకుంటారు అన్నది చూసి నిర్ణయించుకుంటాను. ఆ జాబితా రాగానే ఇక్కడ పెడతాను, పలమనేరు వారు తమ కిలోమీటర్ల లెక్కతో సిద్ధంగా ఉండవచ్చు.